గుండ్లమిట్టలో ఉన్నవాళ్ళు

శ్యామలమ్మ సముద్రాన్ని చూడలేదు. పుంగనూరు దాటి ఆమె పోయిన దూరమంతా గొర్రెల వెనక నడిచి పోయిందే, అదీ కుప్పం వైపు చెరువుల కింది మళ్ళదాకా. అయినా సముద్రం ఒడ్డున ఉన్న ఒక చిన్న పల్లె గురించి అడిగితే గుక్క తిప్పుకోకుండా చెప్తుంది.

"తూర్పున సముద్రం. పడమట జీడిమామిడి తోపులు. ఉత్తరాన ఉప్పుటేరు. దక్షిణాన ఇసుక దిబ్బలు. ముఖ్యమైన వృత్తి చేపలు పట్టుట. జనాభా ఆరు వందల పన్నెండు."

చెప్పి, "అది పెదగాలిపాలెమప్పా. నాలుగో తరగతి పుస్తకంలో తొమ్మిదో పాఠం" అంటుంది, తన పుట్టిల్లు ఎక్కడో చెప్పినట్టు.

ఆ పుస్తకం ఆమెకు తొంభైల మొదట్లో దొరికింది. అప్పుడు మా వైపు పల్లెల్లో పెద్దవాళ్ళకు అక్షరాలు నేర్పే సాయంత్రం బడులు జరిగేవి. గుండ్లమిట్టకు రెండు మైళ్ళ దూరంలో ఉన్న ఎర్రబావులపల్లెలో మాధవీలత అని ఇంటర్ చదివిన పిల్ల, పాల డిపో వరండాలో ఆడవాళ్ళను కూర్చోబెట్టి పలకలిచ్చేది. శ్యామలమ్మ సంగటి కెలికిపెట్టి, పిల్లల్ని అత్తకు అప్పగించి, వంక దాటి నడిచిపోయేది. మిగతావాళ్ళు సంతకం వస్తే చాలనుకున్నారు. ఈమె వాచకం అయిపోగొట్టి ఇంకోటి అడిగింది. మాధవీలత దగ్గర ఇంకోటి లేదు. తన పాత నాలుగో తరగతి సాంఘికశాస్త్రం తెచ్చిచ్చి, "ఇదే ఉండాది శ్యామలక్కా, ఇది చదువుకో" అంది.

తొమ్మిదో పాఠం చదివిన రోజు నుంచి శ్యామలమ్మకు తన ఊరు కూడా పాఠంలాగే కనబడసాగింది. తూర్పున ఏనుగుబండ. వాన పడితే ఆ బండ మీది గుంటల్లో నెల రోజులు నీళ్ళుంటాయి, గొర్రెలు ఎక్కి తాగుతాయి. పడమట వంక. ఏడాదిలో నాలుగు రోజులు పారుతుంది, మిగతా రోజులు అదే దారి. ఉత్తరాన ఎర్రబావులపల్లె వాళ్ళ వేరుశనగ చేలు. దక్షిణాన సీతాఫలం పొదలున్న మిట్ట, దాని అవతల సదుం పోయే బస్సు దుమ్ము. మధ్యలో రాతిగోడల మీద బోదగడ్డి కప్పిన పద్నాలుగు ఇళ్ళు. ముఖ్యమైన వృత్తి గొర్రెలు కాయుట.

జనాభా దగ్గరికి వచ్చేసరికి ఆమె ఆగిపోయేది. ఎందుకంటే గుండ్లమిట్టలో మనుషుల్ని లెక్కపెట్టరు. గొర్రెల్నీ లెక్కపెట్టరు.

అది వాళ్ళ తాతముత్తాతల నాటి కట్టు. గొర్రెల్ని రాత్రికి ఉంచే చోటును వాళ్ళు రొప్పం అంటారు, చుట్టూ ముళ్ళకంపతో కట్టిన దడి. సాయంత్రం మంద తిరిగి రాగానే శ్యామలమ్మ మామ గంగప్ప ఆ కంపను ఒక్క గొర్రె పట్టేంత పక్కకు లాగి నిలబడేవాడు. గొర్రెలు ఒకదాని వెనక ఒకటి లోపలికి పోతుంటే చేతికర్రతో ఒక్కొక్కదాని వీపు తాకేవాడు. పెదవులు కదిలేవి కావు. అంతా అయ్యాక, "చెవి తెగింది రాలేదే. వంక కాడ సూడండి" అనేవాడు. పోయి చూస్తే చెవి తెగింది వంక దగ్గరే ఉండేది. ఒకసారి ఎవరో మందుల ఆయన వచ్చి, సుద్దతో గుర్తులు పెట్టి గొర్రెలన్నింటినీ గట్టిగా లెక్కపెట్టాడట. ఆ వేసవిలోనే పారుడు రోగం తగిలి రొప్పం సగం ఖాళీ అయింది. అప్పటి నుంచి అంకె మాట ఎత్తితే గంగప్ప లేచిపోయేవాడు. పిల్లలెంతమంది అని కొత్తవాళ్ళు ఎవరైనా అడిగితే ఆ ఊళ్ళో అందరిదీ ఒకటే జవాబు: "ఉండారు."

తొంభై తొమ్మిది ఎండాకాలంలో ఊళ్ళో ఉన్న ఒక్క బావి అడుగంటింది. ఆడవాళ్ళు కడవలెత్తుకుని ఎర్రబావులపల్లె పెద్దరైతు నారాయణస్వామి మోటారు దగ్గరికి పోవలసి వచ్చింది. ఆయన చెడ్డవాడు కాదు, నీళ్ళు వద్దనలేదు. కాకపోతే గుండ్లమిట్ట గొర్రె ఏదైనా ఆయన చేలో మూతి పెట్టిందంటే ఆ రోజు మోటారు ఆడేది కాదు.

"ఫ్యూజు పోయింది మే" అనేవాడు అరుగు మీద నుంచి కదలకుండా.

ఆ ఫ్యూజు మూడు రోజులకు గానీ తిరిగి వచ్చేది కాదు.

మూడోసారి ఫ్యూజు పోయినప్పుడు శ్యామలమ్మ ఖాళీ కడవ బోర్లించి, నోటుబుక్కులో కాగితం చించి, తమ ఊరికి ఒక బోరింగు వేయించమని సొంత చేతిరాతతో అర్జీ రాసింది. అది పట్టుకుని బస్సెక్కి మండలాఫీసుకు పోయింది. అక్కడి గుమాస్తా అర్జీ చదివి, బీరువాలోంచి లావుపాటి పుస్తకం తీసి తిరగేశాడు.

"గుండ్లమిట్టా? ఆ ఊర్లో మనుషులు లేరేమ్మా. బేచిరాకు."

"అంటే ఏంది సారూ?"

"ఊరుంది, హద్దులున్నాయి, సర్వే నంబర్లున్నాయి. కాపురాలు లేవు. జనాభా సున్నా."

"నేనుండాను గదా, మీ ఎదురుగా."

"నువ్వుండావు. పుస్తకంలో లేవు" అన్నాడతను. ఎగతాళికి అనలేదు. పుస్తకం ఆమె వైపు తిప్పి వేలు పెట్టి చూపించాడు. చదువు రాకపోయి ఉంటే ఆమె నమ్మకపోయేది. ఊరి పేరు, పక్కన ఎకరాలు, ఆ పక్కన గుండ్రటి సున్నా. "ఇంకో రెండేండ్లలో జనాభా లెక్కలు వస్తాయి. అప్పుడు రాయించుకో. అంతవరకు ఈ కాగితం తీసుకుని నేనేం చేసేది?"

ఇంటికొచ్చేసరికి గంగప్ప గోడ నీడలో కూర్చుని కదురుతో ఉన్ని వడుకుతున్నాడు.

"మామా, పోయినసారి జనాభా లెక్కలాయన మనూరికి వచ్చినాడా?"

"వచ్చినాడు. మీరంతా మందతో కుప్పం తట్టు పోయుండారు. ఇండ్లకంతా కంపేసుండాది. ఈడ నేనూ మీ అత్తా ఉంటిమి. మీ ఇంట్లో ఎంతమంది అన్నాడు. సెప్పనంటి. ఊర్లో ఎంతమంది అన్నాడు. ఈడ ఎవురూ లేరు, రాసుకో పో అంటి."

"ఆయన రాసుకునే పోయినాడు మామా."

"మంచిదే గదా" అన్నాడు గంగప్ప. కదురు ఆగలేదు.

గుండ్లమిట్ట కాపురాలు ప్రతి ఏడూ సంక్రాంతి వెళ్ళగానే మందలతో బయలుదేరేవి. కోతలైన మళ్ళలో రాత్రిళ్ళు గొర్రెల్ని నిలిపితే రైతుకు ఎరువు, వీళ్ళకు తిండిగింజలు, గొర్రెలకు మేత. ఇళ్ళ వాకిళ్ళకు ముళ్ళకంప అడ్డం వేసి పోయినవాళ్ళు ఉగాదికి తిరిగొచ్చేవాళ్ళు. జనాభా లెక్కలు వచ్చేది సరిగ్గా ఆ మధ్యలో. ఆ సంగతి శ్యామలమ్మకు ఆ రోజే అర్థమైంది. వచ్చేసారి కూడా ఇలాగే జరిగితే, ఇంకో పదేళ్ళు తామంతా లేనట్టే.

"ఈసారి లెక్కలోళ్ళు వచ్చి రాసేదాకా మంద కదిలేది లేదు" అని రెండేళ్ళ ముందే చెప్పేసింది.

చెప్పడం తేలికే. రెండు వేల ఒకటి జనవరి వచ్చేసరికి ఆమె భర్త యల్లప్ప రోజూ ఆకాశంకేసి, గొర్రెల డొక్కలకేసి చూసేవాడు.

"కుప్పం కాడ దేవరాజులు మడికోసి కాసుకోనుండాడు మే. మనం పోకపోతే ఇంగొకరి మందని పెట్టుకుంటాడు. మాట తప్పితే మల్లీ మనల్ని పిలస్తాడా?"

"పిలవకపోతే పెద్దపంజాణి తట్టు పోదాం. భూమి ఆయనొక్కడికే ఉండాదా?"

"గొర్రెకేం పెడతావు? నీ పుస్తకమా?"

"తింటే పెట్టు. నేను చదివేసినా" అంది శ్యామలమ్మ.

నవ్వాడు కానీ కోపం పోలేదు. మిగతా ఇళ్ళవాళ్ళదీ అదే గొణుగుడు. ఆమె ఒక్కొక్క గడపకూ పోయి కూర్చుంది. నీళ్ళ కడవ మోసే ఆడవాళ్ళు ముందు ఆమె వైపు తిరిగారు. ఆడవాళ్ళు మూట కట్టకపోతే మగవాళ్ళు ఎక్కడికీ పోలేరు. గంగప్ప మాత్రం వేరే దారిలో అడ్డం పడ్డాడు. మంద ఉండనీ పోనీ, మనుషుల్ని లెక్క పెట్టనిచ్చేది లేదన్నాడు.

"మామా, ఆ సముద్రం ఊరోళ్ళని లెక్క పెట్టినారు. ఆరు వందల పన్నెండు. అచ్చేసినారు గూడా. వాళ్ళకేమైనా అయ్యిందా? ఈ పొద్దుకీ ఆ పాఠంలో చేపలు పడతానే ఉండారు."

గంగప్ప తలపాగా సర్దుకున్నాడు. "సముద్రం ఉండేటోళ్ళకేం? చేపలు పోయినా మల్లీ వస్తాయి. మనకేముండాది?"

ఈ జవాబు గురించి చెప్పేటప్పుడు శ్యామలమ్మ ఇప్పటికీ తల ఊపుతుంది. "అదీ నిజమే గదప్పా" అంటుంది.

ఫిబ్రవరి తొమ్మిదిన లెక్కలు మొదలని రేడియోలో చెప్పారు. పది పోయింది, పదిహేను పోయింది. గుండ్లమిట్టకు ఎవరూ రాలేదు. మిట్ట మీద గడ్డి నాకేసినట్టు అయింది. మగవాళ్ళు తుమ్మకాయలు రాల్చి, రావికొమ్మలు నరికి తెచ్చి వేస్తున్నారు. ఇరవయ్యో తారీఖు పొద్దున శ్యామలమ్మ ఇక ఆగలేక ఎర్రబావులపల్లెకు నడిచింది. నారాయణస్వామి అరుగు మీద పెద్ద పెద్ద కాగితాలు పరుచుకుని ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. పుంగనూరు నుంచి వచ్చిన శివకుమార్ అనే బడిపంతులు. ఆ చుట్టు లెక్కలు ఆయనవే. పక్కన కాఫీ గ్లాసు.

"సారూ, మా ఊరికి ఎప్పుడొస్తారు?"

"ఏ ఊరమ్మా మీది?"

"గుండ్లమిట్ట."

ఆయన సంచిలోంచి పటం తీసి చూశాడు. "ఆ ఊరు నా లిస్టులో ఉంది గానీ ఇండ్లు లేవని రాసిచ్చినారు. చివరి రోజు పోయి, చూసినానని సంతకం పెడితే చాలన్నారు."

"లేని ఊర్నుంచి నేనెట్ల వచ్చినా సారూ?"

పంతులు కలం ఆపాడు. నారాయణస్వామి తువ్వాలు భుజం మార్చుకున్నాడు.

"సారూ, అది ఉండాదిలే, లేదని గాదు" అన్నాడు. "ఆ నాలుగిండ్లోళ్ళని మా ఊర్లోనే కలిపి రాసేయి. నీకు ఎండలో నడిసే పని తప్పుతాది. అంతా ఒకటే."

"ఒకటే అయితే మిమ్మల్ని మా ఊర్లో రాయించుకుంటాం, రాండి సామీ" అంది శ్యామలమ్మ.

లోపల గడప దగ్గర నిలబడ్డ ఆయన భార్య ప్రమీలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నారాయణస్వామి మొహం ముడుచుకుంది.

"నోరు బాగా వచ్చింది నీకు. రేపు కడవ ఎత్తుకోని మల్లీ నా మోటారు కాడికే గదా వస్తావు."

"వస్తాను సామీ. ఫ్యూజు ఉంటే పోసుకుంటా, లేకపోతే పోతా. ఊరు మాత్రం మాది మాకు రాయవల్ల."

శివకుమార్ కాగితాలు మడిచి సంచిలో పెట్టుకున్నాడు. "చూసి రాకుండా నేను సంతకం పెట్టను సార్. పోదాం పదమ్మా" అన్నాడు. ఇదేదో చూడాలని నారాయణస్వామి కూడా మోపెడ్ తీశాడు. అది వంక ఇసుకలో కూరుకుపోతే అక్కడే పడేసి వెనకాల నడిచాడు.

మొదటి ఇంటి ముందు పంతులు కలం తీశాడు. "మీ ఇంట్లో ఎంతమంది?"

ఇంటాయన మునిరాజ ఏనుగుబండ వైపు చూశాడు. "ఉండారు."

"ఉన్నారు సరే. ఎంతమంది?"

"ఉండారు సారూ. బాగుండారు."

రెండో ఇంట్లో కాంతమ్మ లోపలికి పోయి తలుపు వేసుకుంది. మూడో ఇంట్లో అంకె అడగ్గానే ముసలావిడ చెవులు మూసుకుంది. పంతులు నుదుటి చెమట తుడుచుకుని శ్యామలమ్మ వైపు తిరిగాడు. "ఏమ్మా, రమ్మని పిలిచింది నువ్వే. ఒక్కరూ నోరు విప్పకపోతే నేనేం రాసేది?"

"నేను జెప్పలేదా సారూ" అన్నాడు నారాయణస్వామి వెనక నుంచి. "పదేండ్ల కిందా ఇదే కథ. ఇట్లనే సున్నా రాయించుకున్నారు. మా ఊర్లో రాసెయ్, పేర్లు నేను జెప్తా."

రెండేళ్ళు కాచుకుని, మందల్ని పస్తుపెట్టి ఆపింది ఇందుకా అని శ్యామలమ్మకు అనిపించిందట. కాగితాలు చేత్తో పట్టుకుని ఎదురుగా మనిషి నిలబడి ఉన్నాడు. ఊరంతా ఉంది. అయినా సున్నాయే రాసుకుని పోయేటట్టున్నాడు.

"సారూ, ఎంతమంది అని మమ్మల్ని అడగొద్దు" అంది. "ఎవురెవురని అడగండి. రొప్పం కాడికి రాండి."

రొప్పం వాకిట్లో గంగప్ప కంపకు అడ్డంగా కూర్చుని ఉన్నాడు, చేతికర్ర మోకాళ్ళ మీద పెట్టుకుని. కోడలు ఏం చేయబోతోందో ఆయనకు అర్థమైపోయింది.

"కంప తియ్యను" అన్నాడు, ఆమె నోరు తెరవకముందే.

"మామా, దినామూ సాయంత్రం నువ్వేం జేస్తావు? ఈడ నిలబడతావు. ఒక్కొక్కటే లోపలికి పోతాది. మొగం సూస్తావు. అది లెక్కా?"

"కాదు."

"ఇదీ అంతే. మేం ఒక్కొక్కరం పోతాం. నువ్వు సూడు. నేను పేరు పిలస్తా. ఎవురూ అంకె అనరు. ఎంతమందో సారు పుంగనూరికి పోయి, వాళ్ళింట్లో కూసోని లెక్కేసుకుంటాడు. ఆ పాపం ఆయనది."

అందరూ పంతులు వైపు చూశారు. ఆయనకు పెళ్ళయి ఏడాది కూడా కాలేదట. కాసేపు తటపటాయించి, "సరే. నాదే" అన్నాడు.

"సూడప్పా మల్ల. యెనక మమ్మల్ననొద్దు" అన్నాడు గంగప్ప ఆయనతో. లేచి, కంపను ఒక్క మనిషి పట్టేంత పక్కకు లాగాడు.

పంతులు పక్కనున్న రాతి తొట్టి మీద కూర్చుని కాగితాలు తొడ మీద పెట్టుకున్నాడు. శ్యామలమ్మ ఇంటింటి పేరూ పిలవసాగింది. "మునిరాజ. వాళ్ళమ్మ మంగమ్మ. పెండ్లాము సరళ. పెద్ద కొడుకు..." పిలిచినవాళ్ళు పిలిచినట్టు కంప దాటి లోపలికి పోతున్నారు. గంగప్ప అలవాటు కొద్దీ కర్రతో ఒక్కొక్కరి వీపు తాకుతున్నాడు. నడవలేని ముసలాయన్ని మనవడు వీపు మీద ఎక్కించుకుని వస్తే, గంగప్ప ఇద్దర్నీ వేరువేరుగా తాకాడు. రొప్పంలో ఉన్న గొర్రెపిల్లలు మనుషుల కాళ్ళ మధ్య దూరి గోల చేశాయి.

"సారూ, చెవి కొయ్యరు గదా?" అని ఎవరో అన్నారు.

"ముద్ర ఏస్తారేమో, తొడ సూపిచ్చు" అన్నారు ఇంకెవరో.

కాంతమ్మ చంకలో ఎనిమిది రోజుల బిడ్డ. "పేరింకా పెట్టలేదు" అంది. పంతులు "పాప" అని రాసుకున్నాడు. "అట్ల రాస్తే గవర్మెంటోళ్ళు పాపమ్మ అని పిలస్తారు" అని ఆమె అత్త అడ్డం పడింది. ఆ బిడ్డకు చివరికి పాపమ్మ అనే పేరు స్థిరపడిపోయింది. ఇప్పుడు ఆమె సదుం బడిలో చదువుతోంది.

నారాయణస్వామి మొదట నవ్వుతూ నిలబడ్డాడు. ఆరో ఇల్లు, ఏడో ఇల్లు అవుతుంటే నవ్వు తగ్గింది. పది దాటాక చెట్టు కిందికి పోయి కూర్చున్నాడు. "ఇంతమంది ఉండారా ఈడ?" అని తనలో తాను అనుకున్నట్టు అన్నాడు. ఆయన మోటారు దగ్గరికి కడవలతో వచ్చేవాళ్ళనే ఆయన ఇన్నాళ్ళూ చూసింది.

చివరి ఇల్లు శ్యామలమ్మ వాళ్ళది. యల్లప్ప పోయాడు, పిల్లలు పోయారు, అత్త పోయింది. పంతులు కాగితం పైనుంచి కిందికి చూసి కలంతో తల గోక్కున్నాడు.

"యల్లప్ప, పెళ్ళయినవాడు. మరి భార్య ఏదమ్మా?"

ఒక్కసారిగా అందరూ నవ్వారు. రొప్పం లోపల నుంచి యల్లప్ప, "దొరికితే నాకూ సెప్పు సారూ. రెండేండ్లుగా నేనూ ఎతుకుతాండా" అన్నాడు. ఊరందర్నీ పిలిచిన శ్యామలమ్మ తనను పిలుచుకోవడం మరిచిపోయింది.

"శ్యామలమ్మ. రాసుకోండి" అంది సిగ్గుపడుతూ.

"చదువు?"

"నాలుగో తరగతి, తొమ్మిదో పాఠం దాకా."

పంతులు నవ్వలేదు. చదవను రాయను వచ్చు అని శ్రద్ధగా రాశాడు. తర్వాత కాగితాలు సర్ది సంచి మూతి బిగించాడు.

"ఇంగొకరుండారు సారూ" అంది శ్యామలమ్మ.

కంప దగ్గర గంగప్ప కర్ర గట్టిగా పట్టుకున్నాడు. "నేను లోపలికి పోయేటోణ్ణి గాదు మే. కంప కాడ నిలబడేటోణ్ణి. ఎప్పుడైనా కాపరి మందతో కూడా రొప్పంలోకి దూరినాడా? నన్ను ఇడిసిపెట్టు."

"ఇడిసిపెట్టేది లేదు."

"నేను లేకపోయినా ఊరు రాసేసినారు గదా. ఇంగేం గావల్ల నీకు?"

"మామా, పదేండ్ల కింద ఈడే నిలబడి, ఈడ ఎవురూ లేరని సెప్పింది నువ్వు. ఆ మాట నీది. నేను తీసేస్తే పోదు. నువ్వే తీసుకోవల్ల."

ఊరంతా ముళ్ళకంప లోపలి నుంచి చూస్తోంది. ఆ కోడలు ఆ మామతో అలా మాట్లాడటం ఎవరూ అంతకుముందు వినలేదు. గంగప్ప పంతులు దగ్గరికి నడిచి, "అప్పుడొచ్చిన ఆయన ఏం రాసినాడు సారూ?" అని అడిగాడు.

"సున్నా రాసినారు తాతా."

"అది కొట్టెయ్."

"అది పాత పుస్తకం. కొట్టెయ్యను రాదు. ఇది కొత్తది."

"అయితే కొత్తగా రాయి. గంగప్ప." కర్ర నేలకు ఆనించి, "ఉండాడు" అన్నాడు.

రాసింది చాలదనుకున్నాడేమో, వెనక్కి వచ్చి చేతికర్ర కోడలి చేతిలో పెట్టాడు. వంగి, ముళ్ళు తగలకుండా తలపాగా పట్టుకుని, కంప సందులోంచి లోపలికి పోయాడు. శ్యామలమ్మ కర్రతో ఆయన వీపు తాకింది.

ఆ సంవత్సరం వాళ్ళు మంద తోలుకుని కుప్పం చేరేసరికి దేవరాజులు మళ్ళలో వేరేవాళ్ళ గొర్రెలున్నాయి. మేత కోసం పెద్దపంజాణి వైపు తిరిగి, అక్కడా చాలక, ఎండల్లో వెనక్కి వచ్చారు. దారిలో గొర్రెలు పోయాయి. ఎన్ని అని నేను అడగలేదు, అడిగినా చెప్పరు. యల్లప్ప చెప్పింది ఇది: "చెవి తెగింది పాయ. దాని బిడ్డ పాయ. తెల్లమూతిది పాయ. కుంటిది మాత్రం వచ్చింది, అదే వింత." లెక్కపెట్టినందుకే పోయాయని ఊళ్ళో కొందరు అన్నారు. గంగప్ప ఆ మాట అంటాడని శ్యామలమ్మ కాచుకుని ఉంది. ఆయన అనలేదు. "మేత లేక పోయినాయి" అన్నాడు, అంతే.

ఆ మరుసటి ఏడు ఆషాఢంలో గంగప్ప పోయాడు. అచ్చయిన పుస్తకం మండలాఫీసుకు వచ్చింది ఆ తర్వాత. శ్యామలమ్మ పోయి, అదే గుమాస్తాతో బీరువా తెరిపించి, సొంతగా చదువుకుంది. ఎకరాలు పాత ఎకరాలే. పక్కన సున్నా ఉన్న చోట డెబ్భై ఒకటి. అర్జీ మళ్ళీ కొత్తగా రాసి అక్కడే ఇచ్చింది. బోరింగు అంత సులభంగా రాలేదు. వేసేవాళ్ళు వచ్చినప్పుడు, లారీ వంక దాటదు, వంక అవతలే, ఎర్రబావులపల్లె చేల పక్కన వేస్తామన్నారు. ఊరి ఆడవాళ్ళు రెండు రోజులు రాళ్ళు మోసి వంకలో దారి పరిచారు. లారీ దాటింది. ఏనుగుబండ పక్కన, మూడు వందల అడుగుల కింద నీళ్ళు పడ్డాయి. కొంచెం చవుడు, అయినా తాగొచ్చు. దాని చుట్టూ కట్టిన సిమెంటు అరుగు మీదే కూర్చుని ఆమె నాకు ఇదంతా చెప్పింది, చాలా సాయంత్రాల్లో, కొంచెం కొంచెంగా, మధ్యలో కడవలు నింపుకోవడానికి వచ్చినవాళ్ళకు చోటిస్తూ.

నాలుగో తరగతి పుస్తకం ఇప్పటికీ ఆమె దగ్గరుంది. అట్ట ఊడిపోతే కంబళి ముక్క వేసి కుట్టింది. తొమ్మిదో పాఠం చివర ఖాళీగా ఉన్న చోట పెన్సిలుతో గుండ్రటి అక్షరాల్లో ఇంకో పాఠం ఉంది. తూర్పున ఏనుగుబండ. పడమట వంక. ఉత్తరాన వేరుశనగ చేలు. దక్షిణాన సీతాఫలం మిట్ట. ముఖ్యమైన వృత్తి గొర్రెలు కాయుట. జనాభా డెబ్భై ఒకటి.

"ఈ డెబ్భై ఒకట్లో మామ ఉండాడు" అని వేలు పెట్టి చూపించింది.

"ఇప్పుడు అంతమందే ఉన్నారా అమ్మా?"

"ఇంగా ఎక్కువే ఉండారప్పా. కొత్త పిల్లోళ్ళు పుట్టినారు, కోడండ్లు వచ్చినారు."

"అయితే ఎంతమంది?"

శ్యామలమ్మ పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకుంది. కడవ పట్టుకుని నిలబడ్డ కోడలివైపు ఒకసారి, నావైపు ఒకసారి చూసింది.

"ఉండారు" అంది. "కావాలంటే మల్లీ రమ్మను. కంప తీస్తాం."